పైన మూసుకున్న పుండు

ధనమ్మా,

పొయ్యి మీద గడ్డిచామంతి పసరుతో నూనె కాగుతోంది. దించే ముందు వత్తి ముంచి వెలిగించి చూడు. చిటపటమంటే ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ కాచు. మైనం నేనొచ్చాక కలుపుతాను. నిన్న చేసిన లేపనం నెల్లూరు కాలేజీలో పరీక్షకిచ్చి, పొద్దు గూకేలోపు వస్తాను.

బుజ్జమ్మ మందు కోసం వస్తుంది. వాళ్లాయన పాదంలో టేకు చేప తోక ముల్లు దిగిందంట. మందు మాత్రం ఇవ్వొద్దు. "మీ ఆయన పెద్ద డాక్టరైపొయినాడా?" అని ఎగతాళి చేస్తుంది, చెయ్యనీ. ఇద్దర్నీ ఆటో ఎక్కించి కోట ఊళ్లో ఆసుపత్రికి పంపు.

తమ్ముడు శీనయ్యకు దిగిందీ అదే ముల్లు. మందు నా చేతికి రాసుకుని, ఒక రోజు చూసుకున్నాకే వాడికి రాశాను. తొమ్మిదో రోజుకి పుండు మూసుకుందని నువ్వు పాయసం కూడా వండావు. లోపల చీము పడుతోందని చెయ్యి మీద చూసుకున్న నాకు ఎట్లా తెలుస్తుంది? నేనే మూసేశాను దాన్ని. నెల తిరక్కముందే వాడు పోయాడు.

ఇంకొక మాట. ఆకు నూరేటప్పుడల్లా వసారాలో వాడు కాలీడ్చుకుంటూ నడిచే చప్పుడవుతోంది. నీకూ వినబడుతుంటే సాయంత్రం చెప్పు. వినబడకపోయినా చెప్పు.