గోదావరిలో కలిపిన రాణి బొమ్మ

1986, కార్తీక సోమవారం, రాత్రి

ఈరోజు మా పద్మ బట్టల మూట గోదావరిలో కలిపాము. పిల్ల పోయిన ఇంట్లో దాని ఫొటో కూడా ఉంచకూడదంట.

"మూటలో ఫొటో పెట్టేవా అమ్మాయ్? ఇంట్లో ఉంచితే పిల్ల గుమ్మం చుట్టూ తిరుగుద్ది," అంది అత్తయ్య.

"పెట్టానండి," అన్నాను.

పెట్టలేదు. ఫొటో బియ్యం డబ్బాలో ఉంది. మూటలో పెట్టింది మా తమ్ముడు ఫ్రాన్సు నుంచి పంపిన కార్డు. దాని మీద ఈజిప్టును ఏలిన రాణి రాతి బొమ్మ, మగరాజులా గడ్డం పెట్టుకుని ఉంటుంది. అత్తయ్య మూట తడిమితే చేతికి అట్ట తగలాలి కదా.

ఆ కార్డు ఎప్పుడూ పద్మ తలగడ కిందే ఉండేది. "ఈవిడ పోయాక బొమ్మలన్నీ పగలగొట్టేసారంటమ్మా, ఎవరికీ గుర్తుండకూడదని. టీచరుగారు చెప్పేరు," అని జ్వరంలో ఉండి కూడా చెప్పింది. ఆ మాటకే ఫొటో వదలలేకపోయాను. పాపం, ఆ రాణిని మళ్ళీ నేనే నీళ్ళలో ముంచాను.

ఇందాకటి నుంచి గుమ్మం దగ్గర ఏదో చప్పుడవుతోంది. గాలే అయ్యుంటుంది. అత్తయ్య మాటే నిజమైతే, నా అబద్ధం వల్ల పిల్ల దారి దొరక్క తిరుగుతోందేమో...

భయం వేస్తోంది. అయినా తలుపు గడియ పెట్టలేదు.