చెరిపేసిన వాపు

బుల్లీ,

మీ అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. ఈ మాటలో నా వంతు అబద్ధమే, ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది. నువ్వూ, మరిదిగారూ, నీ కడుపులో ఉన్న ఆ మహానుభావుడో మహాతల్లో క్షేమమని తలుస్తాను.

బావ నడుంనొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది, ఆ వంకతో పని ఎగ్గొట్టడం మాత్రం తగ్గలేదు. మా ఫోటో స్టూడియోలో ఆయన ఉద్యోగం నీకు తెలిసిందేగా. గౌను అంచు పట్టుకుని గాల్లోకి ఎగరేసి, అది కింద పడేలోగా కెమెరాకి అందకుండా పారిపోవాలి. పదింట మూడుసార్లు ఫోటోలో ఆయన బట్టతలే పడుతుంది. కడుపుతో ఫోటోలు దిగడానికి ఏం వేసుకోవాలి అన్నావు. ఏమీ కొనకు. మా గౌన్లన్నీ ఒకటే సైజు, వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తాం. ముందు నుంచి చూస్తే మహారాణి, వెనక నుంచి చూస్తే ఆరేసిన దుప్పటి.

ఇక మూడో ప్రశ్న. "ఉంగరం పట్టట్లేదు, ఫోటోలో వేళ్ళు సన్నగా చేస్తావా అని సరదాకి అంటే అంతలా ఎందుకు అరిచావక్కా? మీ మరిది హడలిపోయి అప్పటికప్పుడు ఆస్పత్రికి లాక్కెళ్ళారు" అని రాశావు. బీపీ మామూలుగానే ఉందని నువ్వు మళ్ళీ ఫోన్ చేసేదాకా నేను స్టూడియో మెట్ల మీదే కూర్చున్నాను. ఎందుకు అరిచానో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే మధ్యలో ఏడుస్తాను, నువ్వు ఓదారుస్తావు. నాకు ఓదార్పు వద్దు.

నాలుగు నెలల కిందట ఒకమ్మాయి వచ్చింది. ఎనిమిదో నెల. ప్రతిదానికీ నవ్వేది, అందుకని మేం నవ్వులమ్మాయి అని పేరు పెట్టాం. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ రోజు సెలవు పెట్టి మరీ వచ్చాడు, లైటు పట్టుకోమంటే కదలకుండా పట్టుకున్నాడు. ఆ పిల్ల మొహం ఉబ్బి ఉంది, కళ్ళు చిన్నవైపోయాయి. పొట్ట మీద చేతులు పెట్టమంటే వేళ్ళు సరిగ్గా ముడుచుకోలేదు. ఉంగరం వేలికెక్కకపోతే దారానికి కట్టి పొట్ట ముందు వేలాడదీశాను. అదో కొత్తరకం ఫోటో వచ్చిందని మురిసిపోయాను కూడా.

"తల పగిలిపోతోంది మేడం, కళ్ళ ముందు మెరుపులొస్తున్నాయి" అంది మధ్యలో.

"ఫ్లాష్ కదమ్మా, కాసేపట్లో సర్దుకుంటుంది" అన్నాను.

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని దవడ దిద్దాను, కళ్ళు పెద్దవి చేశాను, ఒక్కో వేలూ సన్నం చేశాను. తొమ్మిదేళ్ళుగా అలవాటైన పని, చెయ్యి దానంతటదే పోతుంది. నవ్వులమ్మాయి ఆల్బం చూసుకుని "నేనేనా ఇంత బాగున్నాను!" అని నవ్వింది. ఫోటోలు తీసిన పదో రోజున బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆ వాపూ, తలనొప్పీ, మెరుపులూ దాని గుర్తులేనట. పాపని బతికించారు. ఆ పిల్ల దక్కలేదు.

అక్కడితో అయిపోతే నేనూ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఆ పిల్ల తల్లి బట్టలు కుడుతుంది. పసిదాన్ని తన ఇంటికి తెచ్చుకుని అల్లుణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదు. వచ్చినవాళ్ళందరికీ నేనిచ్చిన ఆల్బం తీసి చూపించేదట. "పది రోజుల ముందు నా కూతురు కడిగిన ముత్యంలా ఉంది, చూడండి. ఈ పది రోజుల్లో వాడు దాన్నేం చేశాడో వాడికే తెలియాలి" అనేదట.

అతను నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, దిద్దకముందు ఫోటోలు ఉంటాయి కదా, అవి ఇవ్వండి. అప్పటికే ఒళ్ళంతా వాచింది, కాన్పు ముందు మామూలేననుకున్నాం. అది చూపిస్తే తప్ప అత్తయ్య నమ్మరు, పాపని నాకు చూపించరు."

"అవి ఉంచుకోం బాబూ, చెరిపేస్తాం" అన్నాను.

బుల్లీ, అవన్నీ నా దగ్గరే ఉన్నాయి. నూట పన్నెండు ఫోటోలు. అవి బయటికొస్తే అందరూ నన్నే వేలెత్తి చూపిస్తారని భయపడ్డాను. అతను మూడుసార్లు వచ్చాడు. మూడోసారి బావ చేత ఇంట్లో లేనని చెప్పించాను. ఎందుకు చెప్పించానో మీ బావకి నిన్నటిదాకా తెలియదు. నిన్న ఆయనకి అంతా చెప్పాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ రోజు నీ ఫోన్ వచ్చాక ఇంక దాచడం నా వల్ల కాలేదు. దిద్దని ఫోటోలు ప్రింటు తీయించి ఆ తల్లి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మిషను ఆపి ఒక్కొక్కటే చూసింది. ఉబ్బిన కూతురి దవడ వెంట వేలు నడిపింది.

"ఇవి ఆ రోజు తీసినవేనా?"

"అవునండి. ఆల్బంలోవి నేను దిద్దినవి."

"అయితే వాపు నువ్వు చూశావు."

"చూశాను."

"ఒక్కో వేలూ చూశావు. నోరు తెరిచి ఒక్క మాట అనాలనిపించలేదూ?"

"నాకది జబ్బులా కనపడలేదండి. పనిలా కనపడింది" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోన్ తీసి అల్లుడికి చేసి, "వచ్చి పిల్లని చూసుకో" అంది. తర్వాత నా వైపు తిరిగి, "కూర్చో. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావో అతనికీ నువ్వే చెప్పు" అంది.

కూర్చున్నాను. అతను పని బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. చెప్పాను. విన్నాడో లేదో, నా మొహం మాత్రం చూడలేదు.

నీ ఫోటోలు నేను తీయను, అడగకు. ఎవరు తీసినా నీ వేళ్ళు ఎలా ఉన్నాయో అలాగే ఉండనిమ్మను. తల నొప్పి పుట్టినా, కళ్ళు మసకేసినా ఆ నిమిషమే ఆస్పత్రికి వెళ్ళు.

ఒక్కటి మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆవిడ పాపని అందిస్తే అతను రెండు చేతులూ చాచాడు, ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఆవిడే అతని అరచెయ్యి తీసి పాప మెడ కింద పెట్టింది. అప్పటికే పాప మెడ నిలుపుతోంది బుల్లీ. పట్టుకోవాల్సిన రోజులన్నీ నేను దాచేశాను.

ఇట్లు,
మీ అక్క