కోళ్ళగూట్లో పాత కంబళి

మార్చి 29

అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులున్నా క్షమించాలి. ఐదో క్లాసుతో స్కూలు మానేశాను. క్షమించమని ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. చదివేవాళ్ళెవరూ లేరు. నోటితో చెప్పలేనివి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

పెళ్ళై నెల. తలగుడ్డ కొస పళ్ళ మధ్య పట్టుకుని తిరుగుతున్నాను. మామగారు తన నోటితో మాట్లాడమనే దాకా అత్తమామల ఎదుట నా గొంతు వినపడకూడదు. మా అమ్మ మూడేళ్ళు అలాగే ఉందట. ఈ ఇంట్లో నా మాట మోయడానికి ఆడపడుచైనా లేదు. హల్‌మిరాత్ (మొగుడి పేరు పిలవకూడదు, రాయొచ్చనుకుంటా) ఎడారిలో గ్యాస్ బావుల దగ్గర ఉన్నాడు. రానూపోనూ దారి కాక పదిహేను రోజుల షిఫ్ట్. అక్కడ ఫోన్ అందదు.

మార్చి 31

తొమ్మిది కోళ్ళు. ఒక్క గుడ్డు.

ఏప్రిల్ 2

ఇవాళ అదీ లేదు.

పక్కింటి ఓగుల్‌గెరెక్ పెద్దమ్మ టీకి వచ్చింది. వసంతంలో గుడ్లు పెట్టని కోళ్ళుంటాయా బీబిజెమాల్, ఎప్పట్నించి ఇలా, అని అత్తగారిని అడిగింది. అత్తగారు వేళ్ళు మడిచి లెక్కేసి, పెళ్ళైన వారం నుంచి అన్నారు. ఇద్దరూ నా కాళ్ళకేసి చూశారు. కాళ్ళు బాగానే ఉన్నాయే, పాదమే ఎలాంటిదో, అని పెద్దమ్మ నవ్వింది. అత్తగారు నవ్వలేదు. ఆవిడని ఆపనూ లేదు.

టీ ఒలకబోశాను.

ఏప్రిల్ 3

వచ్చే శుక్రవారం దాకా చూస్తారట. ఆ తర్వాత ఒక్కో కోడీ డేగిసాలోకి. ముందు మచ్చలది. ఊరికే మేసి కూర్చునేవాళ్ళని ఎన్నాళ్ళు పోషిస్తాం, అన్నారు అత్తగారు. కోళ్ళనే అన్నారు. నాకు మాత్రం నన్నే అన్నట్టనిపించింది.

తెల్లారి వాకిలి ఊడుస్తుంటే మచ్చలకోడి నా వెనకే తిరుగుతుంది. రోజంతటిలో నేను గొంతు విప్పి మాట్లాడేది దానితోనే.

ఏప్రిల్ 5

ఇంకెక్కడైనా పెడుతున్నాయేమోనని గడ్డివామి కింద, కట్టెల కుప్ప వెనక, పాత బండి కింద అంతా వెతికాను. ఏమీ లేదు. గింజలు ఎప్పటివే. పాము జాడ లేదు. మచ్చలదాన్ని ఒళ్ళో పెట్టుకుని చూశాను. తురాయి పాలిపోయి ఉంది. బరువూ తగ్గింది.

సాయంత్రం ఒక్కటీ గూట్లోకి వెళ్ళనంది. గోడెక్కి కూర్చున్నాయి. మామగారు చీపురుతో తోలుతూ ఒకటే తిట్లు: ఏమే, లోపల మా అమ్మ కంబళి పరిచాను కదే, ఖాను కూతుళ్ళకైనా ఉందా అంత మెత్తటి పడక, పోండి లోపలికి!

గూట్లో కొత్తగా వచ్చింది ఆ పడకే కదా, అనుకున్నాను. నా తెల్ల చేతిరుమాలు తీసుకెళ్ళి ఆ కంబళి కింద పెట్టి వచ్చాను.

ఏప్రిల్ 6, తెల్లవారుతుండగా

రుమాలు నిండా గసగసాల్లాంటి పురుగులు. నలిపితే రక్తం. కోడిపేలు. పగలు కంబళి మడతల్లో దాక్కుని, చీకటి పడగానే కోళ్ళని పీలుస్తున్నాయి. పాపం, నిద్రే లేనివి గుడ్లేం పెడతాయి. మా అమ్మ కోళ్ళకీ ఒకసారి పట్టాయి. అమ్మ గూట్లో గోనెలన్నీ తీసేసి సున్నం కొట్టింది.

నాతో రెండు కొత్త కంబళ్ళు వచ్చాయి. వాటిని పెద్దగదిలో పరిచారు. అక్కడున్న పాతది మామగారి తల్లి తన చేత్తో ఉన్ని ఒత్తి చేసింది. పారేయడానికి ఆయనకి మనసొప్పలేదు. చలికి పనికొస్తుందని కోళ్ళకి పరిచారు.

అంటే పెద్దమ్మ అన్నది నిజమే. నేను వచ్చినప్పట్నించే.

ఏప్రిల్ 7

ఎలా చెప్పాలి? మాట్లాడకూడదు. కాగితం రాసి పెద్దవాళ్ళ చేతికివ్వడం ఇంకా పొగరు. పైగా ఏమని రాయను? మీ అమ్మ కంబళి వల్లే అనా?

టెన్షన్‌తో రొట్టె మాడ్చాను.

ఏప్రిల్ 9

అత్తగారు కత్తి నూరి కిటికీలో పెట్టారు. రేపే శుక్రవారం.

రుమాలు మడిచి మామగారి టీ పళ్ళెంలో పెట్టాను. అత్తగారు విప్పి, రక్తమా, ఎక్కడ తెగిందే అమ్మాయ్, అని నా చేతులు తిప్పి తిప్పి చూశారు. మామగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. చాలాసేపు చూసి, ఎక్కడిదన్నారు. గడ్డంతో గూటివైపు చూపించాను.

ఆయనే వెళ్ళి కంబళిని వాకిట్లోకి లాగి తిరగేశారు. అడుగు భాగమంతా ఇసుక కదిలినట్టు కదులుతోంది. పాదం పాదం అన్నారుగా మీరు, చూడు, ఇదంతా నా తెలివి, అన్నారు మామగారు అత్తగారితో. లోపలికెళ్ళి కిరసనాయిలు తెచ్చారు. అగ్గిపుల్ల గీశారు.

వద్దు మామయ్యా, అన్నాను.

అనేశాను. మరిగే నీళ్ళు పోస్తే అవి చస్తాయి, కంబళి బతుకుతుంది, అని కూడా అన్నాను. కంబళి బతుకుతుందని ఎవరైనా అంటారా. తలగుడ్డ కొస ఎప్పుడో పళ్ళలోంచి జారిపోయింది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

మామగారు పుల్ల ఊదేశారు. నావైపు తిరగలేదు.

ఏప్రిల్ 10

డేగిసా పొయ్యెక్కింది. కోడికి కాదు, నీళ్ళకి.

కంబళిని రెల్లుచాపలో చుట్టి, మరిగే నీళ్ళు పోస్తూ, కొత్తది చేసేటప్పుడు దొర్లించినట్టే మోచేతులతో దొర్లించాం, అత్తగారూ నేనూ. ఆవిడ దాని మీది పొట్టేలు కొమ్ముల ఎర్ర ముగ్గు చూపించారు. ఈ ఒక్క కొమ్మే ఎందుకు వంకరో తెలుసా, ఆరబెట్టిన రోజున ఈ మహానుభావుడు దీని మీదే పాకి తడిపేశాడట, అప్పటికింకా పళ్ళు రాలేదులే, అన్నారు. పక్కన సున్నం కలుపుతున్న మామగారు దగ్గారు. పొట్ట పట్టుకుని నవ్వాలనిపించింది. కొస గట్టిగా కొరికి పట్టుకున్నాను.

గూటికి సున్నం కొట్టాం. కోళ్ళకి బూడిద, ఇసుక కలిపి గుంటలో పోశాం. చేతులు కాలాయి, గొర్రెకొవ్వు రాసుకో, అన్నారు అత్తగారు ఎటో చూస్తూ.

కత్తి కిటికీలో లేదు.

ఏప్రిల్ 14

హల్‌మిరాత్ షిఫ్ట్ నుంచి వచ్చాడు. గుసగుసగా అంతా చెప్పాను. ముందు పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నిజంగా మా నాన్న ఎదుటే మాట్లాడావా, అన్నాడు. ఆయనకీ భయమే. ఐదు రోజులుగా మామగారు నాతో ఒక్క మాట అనలేదు.

ఏప్రిల్ 19

గుడ్లు లేవు. తురాయిలు ఎర్రబడుతున్నాయి. సాయంత్రం అన్నీ వాటంతటవే గూట్లోకి వెళ్ళాయి.

ఏప్రిల్ 27

మచ్చలకోడి పెట్టింది.

మామగారు తెచ్చి నా అరచేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది. ఏంటమ్మాయ్ ఇది, అన్నారు. తలొంచుకున్నాను. నిన్నే అడుగుతున్నా, ఏంటిది?

గుడ్డు, అన్నాను.

వినపడలేదు, మళ్ళీ చెప్పు, అన్నారు.

ఆయనకి చెవులు బాగానే వినపడతాయి. మళ్ళీ చెప్పాను.

ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే తందూరులో పడేసి కాల్చేయండి. ఇక నోటితో చెప్పుకుంటాను.