ఫిస్కెబోట్ దరువు

మే నెల, మంగళవారం

నర్సు ఉద్యోగం కోసం నేర్చుకుంటున్న ఈ నార్వే భాషలో, రెండు మాటలు కలిస్తే మొదటిదాని మీదే గట్టిగా ఊనాలట. బల్ల మీద కొడుతూ పలకమన్నారు మేడమ్. సాయంత్రం ‘ఫిస్-కె-బోట్’ అంటూ కొట్టాను. ఫిస్ గట్టిగా, కె తేలిగ్గా, బోట్ మధ్యస్తంగా. చేపల పడవ అని అర్థం.

అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది. “ఆ దరువు నీకెవరు నేర్పారే? చేపల్ని వలలోకి తోలడానికి మీ నాన్న పడవ మీద అచ్చం అలాగే కొట్టేవారు.”

నాన్న గోదాట్లో మునిగిపోయేనాటికి నాకు రెండేళ్లు.

అంతలో పెరటి వెనక కాలవలోంచి అదే దరువు వినిపించింది. గట్టిగా, తేలిగ్గా, మధ్యస్తంగా.

వేసవికని కాలవ కట్టేసి వారమైంది. పడవ కాదు కదా, చేప ఈదేంత నీళ్లు కూడా లేవు.

అమ్మ అటక మీంచి నాన్న కంచం దించి కడిగింది.