తెల్లారకముందు చేసిన ప్రార్థన

న్యూ మెక్సికో,
ఆగస్టు 1945

ఫైవెల్ బాబాయ్,

మా పని సంగతి పత్రికల్లో వచ్చేసింది కాబట్టి, మన యూదుల మతగురువు, రబ్బీ అయిన మిమ్మల్ని ఒకటి అడగాలి.

జూలైలో ఇక్కడి ఎడారిలో అణుబాంబును పరీక్షించాం. ఇంకా పొద్దు పొడవలేదు. చలికి మీరిచ్చిన ప్రార్థన శాలువా కప్పుకున్నాను. ఒక్కసారిగా లోకమంతా వెలుగు. శాలువాలో తెలుపూ నీలమూ విడివిడిగా కనిపిస్తే ఉదయ ప్రార్థనకు వేళయినట్టేనని చిన్నప్పుడు మీరే చెప్పారు. కనిపించాయి. పదేళ్ళుగా ప్రార్థన ఎరగని నోరు కలలోలా తనంతట తానే కదిలింది: వెలుగును చేసినవాడికి స్తోత్రం.

"తెల్లారకుండానే మొదలెట్టావేంట్రా?" అన్నాడు పక్కనున్న తోటి శాస్త్రవేత్త ఎమ్మెరిక్. అంతలో మళ్ళీ చీకటి పడింది.

కాసేపటికి సూర్యుడొచ్చాడు. అప్పుడు నోరు పెగల్లేదు.

నా ప్రార్థన చెల్లుతుందా బాబాయ్? ఆ వెలుగును చేసింది మేమే. మరి స్తోత్రం ఎవరికి చేరింది?

మీ అన్నగారబ్బాయి