ఎత్తని ఫోన్లు నలభై ఒకటి

నాన్నగారికి,

తిన్నింటి వాసాలు లెక్కపెట్టానన్నది నా మీద నేరం. అత్తయ్య ఫోన్లో ఆ మాటే అంది, అమ్మ ఏడుస్తూ ఆ మాటే అంది. మీరు మాత్రం ఏమీ అనలేదు; ఆ మౌనం కంటే సామెతే నయం. జవాబు చెబుతున్నాను: అవును, లెక్కపెట్టాను. నన్ను లెక్కలు చదివించింది మీరే. వాసాలు పుచ్చిపోయినప్పుడు కళ్ళు మూసుకోమని మాత్రం మీరెన్నడూ నేర్పలేదు.

వరసగా చెప్పనివ్వండి. గుండె నీరసించి మీ ఆసుపత్రిలో చేరి, తేరుకుని ఇంటికి వెళ్ళిన ఎనిమిది వందల పన్నెండు మందిలో ఏడాదిలోపు ఎవరు చనిపోయారు, వారిలో ముందుగా కనిపించిన సూచనలేమిటి అన్నది మీ పరిశోధన. వయసు, మూత్రపిండాల పనితీరు, కాళ్ళ వాపు, ఆగకుండా నడవగలిగిన దూరం, ఇంట్లో తోడు: వీటికి మార్కులు వేసి, మృత్యువు ఎవరికి దగ్గరలో ఉందో చెప్పే పట్టిక తయారుచేశారు. మార్కులు ఎక్కువైతే రెండు వారాలకే రమ్మంటారు, తక్కువైతే మూడు నెలలకు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి అది అన్ని వార్డుల్లోనూ అమలవుతుంది.

ఆ పట్టికలో ఒక వింత ఉంది. ఇంటినిండా మనుషులున్నవాళ్ళకంటే ఒంటరివాళ్ళే తక్కువగా చనిపోయారట! ఆసుపత్రిలో మీరు దాన్ని చదివి వినిపించిన సభలో మీ ఎముకల డాక్టరు మిత్రుడు, "సతాయించేవాళ్ళు లేకపోతే ఆయుష్షు పెరగదూ మరి! ఈ కాగితం మా ఆవిడ కంట పడనీయకండి బాబూ" అన్నారు. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. నేను లేచింది అప్పుడే.

మూడుసార్లు ఫోను చేసినా ఎత్తనివాళ్ళను బతికున్నవాళ్ళ కింద జమకట్టడం మీ నియమం. సంసారి పోతే కోడలో కొడుకో ఫోనెత్తి ఆ మాట చెబుతారు. ఒంటరివాడు పోతే ఎవరెత్తుతారు? అలా తేలనివాళ్ళు నలభై ఒక్కమంది, దాదాపు అందరూ ఒంటరివాళ్ళే. ఈ వారం మీకు నేను మూడుసార్లు ఫోను చేశాను. మీరెత్తలేదు. నియమం ప్రకారం మీరు క్షేమం.

ఇంతవరకూ సభలో చెప్పాను. చెప్పనిది ఒకటుంది.

సెలవుల్లో ఆ ఫోన్లు చేసింది నేను. మూడు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చెయ్యాలని మీరు రాసిచ్చారు. ఆఖరి రోజు సాయంత్రం నాకు వక్తృత్వ పోటీ ఉంది. మిగిలిన నంబర్లన్నీ ఒక్క మధ్యాహ్నంలో నొక్కి, ఎత్తని నలభై ఒకటికీ అప్పుడే మూడేసిసార్లు చేసి, తేదీలు మార్చి రాసి, గడులు నింపేసి పరుగెత్తాను. ఉరిశిక్ష రద్దు మీద మాట్లాడి, ఒక్క ప్రాణానికైనా వెల కట్టలేమని బల్ల గుద్ది మొదటి బహుమతి తెచ్చుకున్నాను.

పట్టిక అచ్చులో చూశాక మనసొప్పక, ఆ జాబితాలోని ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గడియారాలు బాగుచేసేవాడు, మూడో అంతస్తు. తలుపు తీసింది కొత్తగా అద్దెకొచ్చినామె. "ఆయనా? నిరుడు వానల్లోనే పోయాడటమ్మా. నాలుగు రోజులదాకా ఎవరికీ తెలీలేదట పాపం. ఇంతకీ నువ్వేమవుతావు ఆయనకి?" అంది. పోటీల్లో ఎదుటివాళ్ళ ఏ ప్రశ్నకూ తడబడక మీచేత వకీలమ్మ అనిపించుకున్నదాన్ని, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వచ్చేశాను.

సభలో నియమాన్ని దులిపాను, నా చెయ్యి మాత్రం వెనక దాచుకున్నాను. తప్పు నాది, తలవంపు మీకు. ఇక మీరేమన్నా పడతాను.

మీ వకీలమ్మ

*

వకీలమ్మకు,

కోపంతో ఫోనెత్తలేదనుకున్నావు. కాదు, భయంతో.

ఏ ఫోను ఏ గంటకు చేశారో ఆసుపత్రి జాబితాలో ఉంటుంది. వ్యాసం వైద్య పత్రికకు పంపకముందే అది చూశాను. నలభై ఒకటీ ఒకే మధ్యాహ్నం. మళ్ళీ చేయించాలంటే ఎందుకో చెప్పాలి, చెబితే నీ పేరు బయటపడుతుంది. ఎనిమిది వందల్లో నలభై ఎంతలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పట్టికలో ఒంటరివాళ్ళ వరస చూశాక నలభై అంటే ఎంతో తెలిసింది. అప్పటికీ నోరు మెదపలేదు. ఆ రోజు నేను నవ్వింది కూడా, నవ్వకపోతే ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని.

సభలో నువ్వు లేవనెత్తినదాని మీద సోమవారం ఆసుపత్రి కమిటీ కూర్చుంటుంది. వచ్చే ఏడు నియమం సవరిస్తామని చెప్పి ఈ గొడవ ముగిస్తాను. నీ ఉత్తరం చించేస్తాను. నీకింకా రెండేళ్ళ చదువుంది తల్లీ. తండ్రిగా ఈ ఒక్కటీ చెయ్యనివ్వు.

నాన్న

*

నాన్నగారికి, మీ ద్వారా కమిటీ పెద్దలకు,

నా ఉత్తరం చించి లాభం లేదు నాన్నా, దాని నకలు కమిటీ కార్యదర్శికి పంపాను. మీ ఉత్తరం మాత్రం ఎవరికీ చూపలేదు. అది కమిటీ ముందు మీరే చదవాలి. నన్ను కాపాడడానికే దాచారని తెలిసి ఒక పూట ఏడ్చాను. ఆ ప్రేమను కాదనను. కానీ దాని బరువు మొయ్యాల్సింది మనమిద్దరం, మంచాల మీదున్నవాళ్ళు కాదు.

నిన్న మీ వార్డుకు వచ్చాను. కిటికీ పక్క మంచం మీద తపాలా కార్యాలయంలో పనిచేసి రిటైరైన ఒకామె ఉన్నారు. "ఇంట్లో ఎవరెవరుంటారు పిన్నిగారూ?" అని అడిగాను. "నేనూ, నా రేడియో. అదీ ఈమధ్య గొంతు పోగొట్టుకుంది, ఇక నేనే పాడాలి" అని నవ్వారు. కాళ్ళు వాచి ఉన్నాయి. మీ పట్టికలో మార్కులు వేసి చూశాను. మూడు నెలలకు రమ్మంటుంది. తోడు లేకపోవడం వల్లనే ఆమెకు మార్కులు తగ్గాయి.

పెద్దలారా, ఒకటో తారీఖుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. నన్ను విశ్వవిద్యాలయం నుంచి పంపేస్తారో, మా నాన్నగారిని పరిశోధన నుంచి తప్పిస్తారో తరువాత తీరికగా తేల్చండి, ఇద్దరం వచ్చి నిలబడతాం. ముందు ఆ పట్టికను ఆపండి, పత్రికకు రాసి వ్యాసాన్ని వెనక్కి తీసుకోండి. నలభై ఒక్క చిరునామాలు దీనితో జతచేశాను, ఒకటి నేను చూసి వచ్చాను. మీరు ఎనిమిది మంది, తలా ఐదు ఇళ్ళు. ఎవరు ఏ తలుపు తట్టబోతున్నారో పేరు రాసి, సంతకం పెట్టి, అప్పుడు ఆ కుర్చీల్లోంచి లేవండి.

తప్పుడు తేదీలు వేసిన
వకీలమ్మ