మధ్య గొట్టం

చిరంజీవి పిచ్చుకకి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నాన్నా, నాన్న మోకాలూ ముగ్గురం క్షేమం. మోకాలే కాస్త మొండికేస్తోంది, మెట్లు దిగేటప్పుడు ఇల్లంతా వినిపించేలా మూలిగిస్తోంది. నువ్వు వేళకి తింటున్నానని రాశావు గానీ, నాకు నమ్మబుద్ధి కాలేదు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. మట్టి జల్లెడ పట్టేటప్పుడు కుళాయి ధార సన్నగా పెట్టు. పాత వానల లెక్క చెప్పే ఆ సముద్రపు గుల్లలు ఆవగింజలో సగం కూడా ఉండవు, ధార జోరుగా ఉంటే చిట్లిపోతాయి. కళ్లు లాగుతున్నాయన్నావు. లాగుతాయి. మధ్యమధ్యలో లేచి కిటికీలోంచి దూరంగా చూడు. నీ గోధుమరంగు స్వెటరు దొరికింది, నాన్న తొడుక్కుని తిరుగుతున్నారు. అడిగితే "అది ఇంటికి రాగానే ఇచ్చేస్తాలే, మధ్యలో నీకెందుకు?" అంటున్నారు.

మూడో ప్రశ్న దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. "నా మట్టిలో వానలు వేల ఏళ్లలో మెల్లమెల్లగా తగ్గాయే తప్ప ఎక్కడా కూలిపోలేదమ్మా. అదే సముద్రంలో తీసిన నీ మట్టిలోనేమో రెండుసార్లు కూలాయి. నేనే ఎక్కడో పాడు చేశానని మా గైడుగారు అంటున్నారు. ఈ పరిశోధన నాకు చేతకాదేమో, మానేయనా?" అని రాశావు.

నా మట్టి తీసిన ఓడ మీద సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. సముద్రం అడుగుకి పొడవాటి గొట్టం దించి మట్టి లాగాం. కిందున్నది పాత కాలం, పైనున్నది కొత్త కాలం. మోయడానికి వీలుగా గొట్టాన్ని మూడు ముక్కలు చేశాం. ప్రతి ముక్కకీ పై కొసన ఎర్ర మూత, కింది కొసన నల్ల మూత. మధ్య గొట్టం మూతలు రెండూ పగిలాయి. ఓడ ఊగుడికి నాకు ఒకటే వాంతులు. అయినా ఇంకొకరిని ముట్టుకోనివ్వకుండా కొత్త మూతలు నేనే బిగించాను.

నీ ఉత్తరం చూశాక మా ల్యాబు చలిగదిలోకి వెళ్లి, దాచి ఉంచిన ఆ మట్టిని దీపం కింద పెట్టుకున్నాను. సముద్రపు పురుగులు మట్టిని పైనుంచి కిందికే తొలుస్తాయి కదా. మొదటి గొట్టంలో బొరియలన్నీ కిందికి దిగాయి, మూడోదాంట్లోనూ అంతే. మధ్యదాంట్లో మాత్రం అన్నీ పైకి ఎక్కుతున్నాయి. ఆ చోట పురుగులకే పిచ్చెక్కిందని సరిపెట్టుకుందామని చూశాను పిచ్చుకా, నిజంగానే చూశాను. చివరికి, మూతలు నేనే తారుమారుగా బిగించానేమోనని ఆ గొట్టాన్ని తిరగేసి, లెక్కలు వేసి గీత మళ్లీ గీస్తే, రెండు కూలిపోవడాలూ మాయమయ్యాయి. రెండూ గొట్టాల అతుకుల దగ్గరే ఉన్నాయి. నాకు పేరు తెచ్చిపెట్టినవి ఆ అతుకులే. తిరగేశాక వచ్చిన గీత అచ్చంగా నువ్వు గీసిందే.

ఇంతవరకూ పొరపాటు. పొరపాటు ఒక్కటే అయితే చెప్పడానికి ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

మొన్న ఆదివారం ఫోను చేశావే, "ఒకవేళ నీ దాంట్లోనే తేడా ఉందేమో, ఒక్కసారి చూడవా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగావే, అప్పటికే నేను చూసేశాను. చూసి కూడా "నా మట్టి సంగతి నాకు తెలుసు. ముందు నీ జల్లెడ శుభ్రంగా కడిగావో లేదో చూసుకో" అన్నాను. నువ్వు "సరేనమ్మా" అని పెట్టేశావు.

ఆ వారంలోనే నాకు సన్మానసభ. పిలుపులు వెళ్లిపోయాయి, హాలు సిద్ధమైంది, సభ అయ్యేదాకా ఆగితే కొంప మునిగిపోదులే అనుకున్నాను. మునిగేది నువ్వని తెలిసే అనుకున్నాను. వేదికెక్కి, వానలు రెండుసార్లు కూలాయని మళ్లీ చెప్పాను. పతకం మెడలో వేస్తుంటే తల ఎత్తలేకపోయాను. ఎంత వినయమో అని పక్కన ఎవరో అన్నారు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన మోకాలికి నూనె రాసుకోవడం ఆపి, "నాకెందుకు చెబుతున్నావు? మాట పడింది నేనా? దానికి చెప్పు" అన్నారు.

ఈ ఉదయం మా డైరెక్టరుగారికి అంతా చెప్పి, పతకం ఆయన బల్ల మీద పెట్టేశాను. "చిన్న సవరణ వేస్తే సరిపోతుంది కదండీ, మీ అమ్మాయి సంగతి మధ్యలో ఎందుకు?" అన్నారు. కుదరదన్నాను. ఆ వానల వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు బయటపెట్టింది నీ మట్టేనని, దాన్ని అచ్చేసిన పత్రికవాళ్లకి రాసి పంపాను.

నీ మట్టి పారేయకు. పని మానేయాలనిపిస్తే నీ ఇష్టం గానీ, చేతకాదని మాత్రం మానకు. నీకు చేతనయింది, నాకే కాలేదు. నాతో మాట్లాడాలని లేకపోతే కొన్నాళ్లు నాన్నకే ఫోను చెయ్యి. స్వెటరు ఆయనతోనే పంపిస్తాను.

ఈ ఉత్తరం అందగానే తీసుకెళ్లి మీ గైడుగారి చేతికివ్వు. అమ్మ పరువు పోతుందని గొట్టం సంగతి ఉన్న కాగితం ఒక్కటే ఇవ్వకు. ఆదివారం ఫోనులో నేను నీతో ఏమన్నానో, అది కూడా ఆయన చదవాలి.

ఇట్లు,
నువ్వు నిజం అడిగితే అబద్ధం చెప్పిన
అమ్మ